విద్యార్థుల ప్రశ్నకు హేగ్ సమాధానం

వాతావరణ మార్పుపై దేశాల చట్టబద్ధ బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్నను అంతర్జాతీయ న్యాయస్థానం ముందుంచాలని 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన 27 మంది న్యాయ విద్యార్థులు ద్వీప దేశాల నేతలను కోరారు. వనువాటు ప్రభుత్వం స్పందించింది. అయితే ఆ న్యాయస్థానాన్ని సలహాపూర్వక అభిప్రాయం అడిగే అధికారం విద్యార్థులకే కాదు, ఏ ఒక్క దేశానికీ లేదు. ఐక్యరాజ్యసమితి అంగాలు, అధీకృత సంస్థలే అడగాలి. అందుకే దేశాలను ఒప్పించే పని ఏళ్ల తరబడి సాగింది. 2023 మార్చి 29న సర్వప్రతినిధి సభ ఆ తీర్మానాన్ని ఏకాభిప్రాయంతో ఆమోదించింది.

ఉన్న ఒప్పందాలకు మించి కొత్త బాధ్యతలు మోపరాదని విచారణలో భారత్ వాదించింది. 2025 జులై 23న వెలువడిన ఏకగ్రీవ అభిప్రాయం మాత్రం ఆ ఒప్పందాల వద్దే ఆగలేదు. వాతావరణ వ్యవస్థకు తీవ్ర హాని జరగకుండా చూడటం దేశాలన్నిటి విధి అని, ఉల్లంఘిస్తే పరిహారం చెల్లించాల్సి రావచ్చని పేర్కొంది. తీర్పులా కట్టుబడాల్సిన నిర్బంధం దీనికి లేదు. అయినా దేశీయ న్యాయస్థానాల్లోనూ, వాతావరణ చర్చల్లోనూ దీనిని ఉటంకించవచ్చు.