అశోక్‌నగరు చదువు - ఊరి అప్పు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునుండి అశోక్‌నగరు వీధులలోనికి, అచ్చటినుండి నారాయణగూడ చౌరస్తావఱకు నడచినవారికి ఆ ప్రాంతమంతయు ఒక పెద్ద పాఠశాలవలె గానవచ్చును. ప్రతి మేడకును వసతిగృహపు పలక, దాని ప్రక్క గ్రూపు పరీక్షల శిక్షణాలయపు ప్రకటన, క్రింద జెరాక్సు దుకాణము, ఆ ప్రక్కనే కూరల దుకాణము. జిల్లాలనుండి వచ్చి అచ్చట చదువుకొను యువకుల సంగతి అందఱు నెఱిగినదే. ఈ పాఠశాల వెనుక నొక ఋణశాలయు గలదను సంగతి మాత్రము పెక్కుమంది తలంపునకు రాదు. దానినిగూర్చి నేడు మా పాఠకులకు, ముఖ్యముగా బిడ్డలను పట్టణమునకు పంపిన రైతు పెద్దలకు, కొంత మనవి చేయదలచితిమి.

ఆ ఋణము రెండు తావుల పుట్టుచున్నది. మొదటిది ఊరు. డిగ్రీ చదువునకు బ్యాంకులు విద్యాఋణ మిచ్చును గాని, ఉద్యోగపరీక్షల శిక్షణకు సాధారణముగా నీయవు. కావున తండ్రి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు వ్రాసి సొమ్ము తెచ్చును. లేదా పంటకని బ్యాంకు ఇచ్చిన సొమ్మును కుమారుని ఫీజునకు మరలించును. ఈ రెండవ మార్గము లాభకరమువలె దోచును. పంటఋణము మూడు లక్షలవఱకు సాలుకు నూటికి 7 రూపాయల వడ్డీకి దొరకును. గడువులోపల తీర్చినవారికి అందులో 3 రూపాయల రాయితీయు గలదు. రైతునకు ఇంతకంటె చౌకసొమ్ము వేఱొకటి లేదు. కాని ఆ చౌకసొమ్ము నగరమునకు పోయిన పిమ్మట విత్తనములును ఎరువులును అరువు తేక గడవదు. అరువిచ్చు దుకాణదారుడు వడ్డీని వేఱుగ వ్రాయకపోవచ్చును; ధరలో గలుపుకొనును, లేదా పంటను తనకే తూచవలెనని షరతు పెట్టును. అట్టి వడ్డీ లెక్కకు దొరకదు గనుకనే అది లేదనుకొనుట మనకు అలవాటైనది. ప్రభుత్వము 2024లో రెండు లక్షలవఱకు మాఫీ చేసినది బ్యాంకు పంటఋణములనే గదా! నోటు బాకీకిగాని, ఎరువుల దుకాణపు ఖాతాకుగాని ఆ మాఫీ వర్తించినది కాదు.

ఇక కాలము సంగతి. తండ్రి ఒక సంవత్సరపు ఖర్చు నంచనా వేసికొని అప్పు చేయును. పరీక్షయో, ఆ అంచనాకు లోబడునది కాదు. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను 2022 ఏప్రిలులో 503 గ్రూపు 1 ఉద్యోగములకు ప్రకటన వెలువరించినది. అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కుటచే 2023 మార్చిలో అది రద్దయినది. జూనులో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటననే ఉపసంహరించి 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన నిచ్చిరి. జూనులో ప్రాథమిక పరీక్షయు, అక్టోబరులో ప్రధాన పరీక్షయు జరిగినవి. ఫలితములు వెలువడిన పిమ్మట అవియు న్యాయస్థానమున కెక్కినవి.

మొదటి ప్రకటన చూచి లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన తండ్రి నూహింపుడు. కుమారుడు ప్రధాన పరీక్ష వ్రాయునప్పటికి ముప్పది నెలలు గడచినవి. వడ్డీయే 60 వేలైనది. మఱి యాఱు నెలలకు 72 వేలు. నోటు కాలపరిమితి మూడేండ్లే గనుక, చెల్లు లేనిచో ఋణదాత ఆ గడువులోపల నోటు తిరుగవ్రాయించుకొనును. అప్పుడు అసలు లక్ష కాదు, 1,72,000. నెల వడ్డీ రెండువేలు పోయి 3,440 అగుచున్నది. రైతు ఈ మధ్యకాలమున క్రొత్తగా నొక్క రూపాయియు అప్పు చేయలేదు. ప్రశ్నపత్రమును కాపాడలేకపోయినవారు ఈ వడ్డీని ఎన్నడైన లెక్కవేసిరా యని మేము ప్రశ్నించుచున్నాము. పరీక్ష వాయిదా పడినపుడు ప్రభుత్వపు బొక్కసమునకు కలుగు వ్యయమును పత్రికలు వ్రాయును. వేలకొలది గృహములలో తిరుగవ్రాయబడిన నోట్లు ఏ బడ్జెటునందును కనబడవు.

ఋణము పుట్టు రెండవ తావు విద్యార్థి గది. ఇంటినుండి రావలసిన సొమ్ము ఆలస్యమైనపుడు మొదట స్నేహితునియొద్ద చేబదులు, తరువాత క్రెడిట్ కార్డు, ఆపిమ్మట ఫోనులోని ఋణపు యాప్. తండ్రి బాధపడునని కుమారుడు చెప్పడు. కుమారుని చదువు చెడునని తండ్రి నోటు సంగతి చెప్పడు. ఇరువురి యుద్దేశమును మంచిదే. కాని ఒక్క కుటుంబమునకు రెండు చిట్టాలేర్పడి, ఏ ఒక్కరికిని మొత్తము బాకీ యెంతయో తెలియకున్నది.

వడ్డీని మాటలో పట్టుటకు తెలుగువారికొక చక్కని పద్ధతి కలదు. నూటికి నెలకెన్ని రూపాయలని యడుగుదుము. ఆ ప్రశ్నకు జవాబు విన్నంతనే చదువురాని రైతుసైతము ఆ అప్పు మోయదగినదో కాదో చెప్పగలడు. కార్డు కాగితముపై చిన్న యక్షరములతో నెలకు 3.5 శాతమని యుండును. అనేక కార్డులకు రేటు ఈ ప్రాంతముననే యున్నది. ఊరి భాషలో అది మూడున్నర రూపాయల వడ్డీ, సాలుకు నలువదిరెండు. మూడున్నర రూపాయలడిగిన షావుకారును రచ్చబండ కడ పదిమందిలో నిందించు కుటుంబమే, కుమారుని జేబులో అదే వడ్డీ చొప్పున అప్పు నుంచుకొని, కార్డు వచ్చుట గౌరవమని తలంచుచున్నది.

కనీసపు మొత్తము చెల్లించిన చాలునను భ్రమ మఱియు చెడ్డది. కార్డుపై 30 వేల బాకీ యున్నదనుకొనుడు. ఒక నెల వడ్డీ 1,050. దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 189. కనీసపు మొత్తము నూటికి అయిదు చొప్పున 1,500 చెల్లించినచో అసలున పడునది 261 రూపాయలు మాత్రమే. అంతటితో నాగదు. బాకీ నిలిచియున్నంతకాలము క్రొత్తగా కొనిన వస్తువునకు వడ్డీలేని గడువు వర్తింపదు. టీనీళ్లకు కార్డు గీచినను ఆనాటినుండియే వడ్డీ నడచును. ఈ లెక్క విద్యార్థికే కాదు, చిక్కడపల్లిలో జీతముపై బ్రతుకు ఉద్యోగికిని వర్తించును.

ఫోను ఋణముల సంగతి 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు పలువురిని నిర్బంధించినపుడు లోకమునకు విశదమైనది. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారును ఉండిరి. ఆ కేసులలో కనబడిన పద్ధతికి ఒక యుదాహరణ చెప్పుదుము. అయిదువేలు అప్పని వ్రాసికొని, రుసుము పేర ముందే పట్టుకొని, చేతికి 3,500 ఇత్తురు. ఏడుదినములలో అయిదువేలు కట్టవలెను. ఊరి లెక్క వేసిన నూటికి వారమునకు సుమారు 43 రూపాయలు, నెలకు 180కి పైమాట. ఇంతటి వడ్డీని ఏ షావుకారును నోటితో ననజాలడు.

వసూలు విధానమును క్రొత్తది కాదు. పూర్వము ఈ నగరముననే అరబ్బు జమాదారులు బాకీదారులను తమ ఇండ్లలో బంధించి సొమ్ము రాబట్టెడివారు. 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు ఆ ప్రైవేటు చెఱలను అణచెను. ఫోనులోని పేర్ల పట్టికను లాగికొని అక్కచెల్లెండ్రకును, గురువులకును దూషణ సందేశములు పంపినవారికి చెఱసాల గది యక్కఱలేకపోయినది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు చేసినది: ఋణపు సొమ్ము నేరుగా బాకీదారుని ఖాతాకే చేరవలెను; రుసుములన్నియు గలిపిన వార్షిక రేటును ముందే కాగితముమీద చూపవలెను; ఫోనులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను యాప్ తాకరాదు. 2025 నుండి తన యధీనములోని సంస్థల యాప్‌ల పట్టికను వెబ్‌సైటునందుంచుచున్నది. ఆ పట్టికలో లేని యాప్‌నుండి బెదరింపు వచ్చినచో 1930 సంఖ్యకు ఫోను చేయవచ్చును. బెదరింపునకు లొంగి రెండవ యాప్‌లో తెచ్చి మొదటిదానికి కట్టుటయే పలువురిని ముంచినది.

పిల్లలను పంపవలదని మేము చెప్పము. పంపుటకు ముందే ఎన్ని నెలలు, ఎంత సొమ్మని ఇద్దఱును కూర్చుండి నిర్ణయించుకొనవలెను. ప్రకటన వాయిదా పడినచో మరల కూర్చుండి లెక్కింపవలెను. అప్పటికి అప్పు పెంచుటయో, కుమారుడు ఊరికి వచ్చి చదువుటయో, చిన్న కొలువులో చేరి చదువుటయో తేల్చుకొనవచ్చును. ఇంట బంగారమున్నచో నోటుకంటె బ్యాంకులో కుదువపెట్టుట సాధారణముగా చౌక. అమ్ముటకు మనసొప్పని తునక పొలమునకై రెండు రూపాయల వడ్డీ నేండ్లతరబడి మోయుటకంటె, అది యేటికెంత కౌలు తెచ్చుచున్నదో చూచికొనుట మేలు. ఈ మాట పెద్దలకు రుచింపదని యెఱుగుదుము.

మఱియొక సంగతి. ఊరి నోటు ఏ కంప్యూటరునందును కానరాదు; ఫోనులో తెచ్చి కట్టని రెండువేలు మాత్రము, ఇచ్చినది గుర్తింపుగల సంస్థయైనచో, ఋణసమాచార సంస్థల లెక్కకెక్కి, ఉద్యోగము వచ్చిన పిమ్మట గృహఋణమునకు అడ్డుపడును. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలును సంవత్సరమునకొక పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని నియమమున్నది. దసరాకు ఇంటికి వచ్చు కుమారుడు దానిని తెచ్చినచో, తండ్రి నోటు నకలును, ఎరువుల దుకాణపు చీటీని తెచ్చి, మూడింటిని ఒకే చాపమీద పఱచి కూడిక వేయవచ్చును.