‘ఇఫ్’ వాక్యం రాయించే ముందు తెలుగులో చెప్పించండి



మీ అమ్మాయి లేదా అబ్బాయి ఇంగ్లిష్ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. హైస్కూల్లో ఏ క్లాసైనా సరే, ‘ఇఫ్’తో మొదలయ్యే వాక్యాల పక్కన ఎర్ర ఇంకు కాస్త ఎక్కువే కనిపిస్తుంది. మూడు తప్పులు మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వియ్ విల్ నాట్ గో టు ద పార్క్.’
‘ఇఫ్ ఐ యామ్ ద ప్రిన్సిపల్, ఐ విల్ గివ్ ఎ గేమ్స్ పీరియడ్ ఎవ్రీ డే.’
‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ స్టడీడ్, ఐ వుడ్ హ్యావ్ గాట్ గుడ్ మార్క్స్.’

ఇంగ్లిష్ వాక్యాలను కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాం. కళ్లతో దాటేయకుండా పైకి చదివి వినండి. ఇది చెవితో పట్టుకోవాల్సిన విషయం.

గ్రామర్ పుస్తకాల్లో దీనికో పట్టిక ఉంటుంది. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ అని నాలుగు వరసలు. పిల్లలు దాన్ని గడగడా అప్పజెప్పేస్తారు కూడా. అయినా తప్పు రాస్తారు. ఎందుకంటే, వాక్యం ఎలా కట్టాలో పట్టిక చెబుతుంది కానీ ఏ వరసలోది ఎప్పుడు వాడాలో చెప్పదు. ఆ ఎంపిక అర్థాన్ని బట్టి చేసుకోవాలి. ఆ అర్థభేదం మీ పిల్లలకు ఇప్పటికే తెలుసు, తెలుగులో. రోజూ సరిగ్గానే వాడుతున్నారు.

అందుకే మీకు ఇంగ్లిష్ రాకపోయినా, ‘మా చదువు తెలుగు మీడియం అండీ’ అని పేరెంట్స్ మీటింగ్‌లో వెనక వరసలో కూర్చునేవారైనా, ఈ ఒక్క పాఠాన్ని మీరు ఇంట్లో మాకంటే బాగా చెప్పించగలరు.

చివరి మాట వినండి

ఈ రెండు మాటలు చూడండి.

‘డబ్బుంటే కొంటాను.’
‘డబ్బుంటే కొనేదాన్ని.’

మొదటి సగం రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా చివర్లో ఉంది. ‘కొంటాను’ అంటే తలుపు ఇంకా తెరిచే ఉంది, డబ్బు రావచ్చు, కొనవచ్చు. ‘కొనేదాన్ని’ అంటే తలుపు మూసుకుపోయింది, డబ్బు లేదు, కొనడమూ లేదు, ఊరికే అనుకోవడమే. నాలుగేళ్ల పిల్లకు కూడా ఈ తేడా తెలుసు. అమ్మ ‘కొంటాను’ అంటే ఆశపడుతుంది, ‘కొనేదాన్ని’ అంటే ఏడుస్తుంది.

ఇంగ్లిష్‌లో ఇదే తేడాను రెండు సగాల్లోనూ చూపించాలి. తలుపు తెరిచి ఉంటే ‘ఇఫ్ ఐ హ్యావ్ మనీ, ఐ విల్ బై ఇట్.’ మూసుకుపోతే ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.’ ‘హ్యావ్’ పోయి ‘హ్యాడ్’ వచ్చింది, ‘విల్’ పోయి ‘వుడ్’ వచ్చింది. రెండో వాక్యంలో క్రియ ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లలు తికమకపడేది ఇక్కడే: మాట ఇప్పటిది కదా, ‘హ్యాడ్’ అని భూతకాలం ఎందుకు? అది కాలం చెప్పడానికి వచ్చిన భూతకాలం కాదు. నిజానికి దూరంగా ఉన్న సంగతి అని చెప్పడానికి వచ్చింది.

ఇది ఇంగ్లిష్ వాళ్ల వింత అనుకోకండి. మనమూ అచ్చంగా అదే చేస్తాం. ‘చిన్నప్పుడు రోజూ కృష్ణకాంత్ పార్కుకు వెళ్లేవాణ్ణి’ అంటాం. గడిచిపోయిన అలవాటు అది. ‘ఇవాళ సెలవుంటే పార్కుకు వెళ్లేవాణ్ణి’ అనీ అంటాం. ఇది జరగని ఊహ. రెండింటికీ ఒకే ‘వెళ్లేవాణ్ణి’. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. పాత అలవాటుకు ‘ఐ వుడ్ గో టు ద పార్క్ ఎవ్రీ డే’, ఊహకు ‘ఐ వుడ్ గో టు ద పార్క్ ఇఫ్ ఐ హ్యాడ్ ఎ హాలిడే’. ‘వెళ్లేవాణ్ణి’, ‘కొనేదాన్ని’, ‘వచ్చేవి’ లాంటి మాట ఊహ వాక్యం చివర వినిపిస్తే అక్కడ ‘వుడ్’ పడుతుందని పిల్లలకు చెప్పండి, చాలు.

యూసుఫ్‌గూడ బస్తీల్లో చాలా ఇళ్లలో ‘వచ్చేవాణ్ణి’ అనరు, ‘వచ్చేటోణ్ణి’ అంటారు, లేదా ‘ముందుగాల చెప్తే వస్తుంటి గదా’ అంటారు. మరేం ఫరవాలేదు, తేడా అంతే స్పష్టంగా వినిపిస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాల్లోనూ అంతే. ‘మాలూమ్ హోతా తో మై ఆతా’లోని ‘ఆతా’యే ‘మై రోజ్ ఆతా థా’ అనే పాత అలవాటులోనూ ఉంది. మీ ఇంటి భాష ఏదైతే దానితోనే మొదలుపెట్టండి. పుస్తకం తెలుగులోకి మార్చి మరీ అడగక్కర్లేదు.

ఇప్పుడు ప్రిన్సిపల్ వాక్యానికి రండి. పిల్లాడు ప్రిన్సిపల్ కాదు, రేపు పొద్దున కాబోడు. కాబట్టి ‘ఇఫ్ ఐ వర్ ద ప్రిన్సిపల్, ఐ వుడ్ గివ్ ఎ గేమ్స్ పీరియడ్ ఎవ్రీ డే’. మాటల్లో ‘ఐ వాజ్’ అనేవాళ్లూ ఉన్నారు, పరీక్షలో మాత్రం ‘ఐ వర్’ రాయించండి. ఇక్కడో చిక్కు ఉంది. తెలుగులో పిల్లలు ఉత్సాహం కొద్దీ ‘నేను ప్రిన్సిపల్‌నైతే రోజూ గేమ్స్ పెడతాను’ అని కూడా అంటారు. అది తప్పు కాదు. ఆట కోసం నిజంలా ఊహించుకుంటున్నారంతే. అలా అన్నప్పుడు ‘నిజంగా అవుతావా?’ అని ఒక్క ప్రశ్న వేయండి. నవ్వి, ‘అయితే పెట్టేవాణ్ణి’ అని తామే మార్చుకుంటారు.

‘పడుతుందితే’ అంటామా?

మొదటి తప్పు, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’, గురించి ఒక అపోహ ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడబట్టే ఇలా రాస్తున్నారని తెలుగు మీద నెపం వేస్తారు. అది అన్యాయం. తెలుగులో ‘రేపు వర్షం పడితే’ అంటాం. ‘పడుతుందితే’ అని ఎవరైనా అన్నారా? ‘పడితే’లో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు, ‘రేపు’ అనే మాటే ఆ పని చూసుకుంటుంది. పిల్లలు తెలుగును నమ్ముకుని ఉంటే ఇక్కడ ‘విల్’ పెట్టేవారే కాదు. రేపటి సంగతి కాబట్టి ‘విల్’ ఉండాలని పట్టిక లెక్క వేసి పెడుతున్నారు. మా అనుభవంలో బాగా పనిచేసే చిట్కా ఇదే: ‘పడుతుందితే అనవు కదా, అలాగే ఇఫ్ పక్కన విల్ అనకు.’ సరైన వాక్యం ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వియ్ విల్ నాట్ గో టు ద పార్క్.’

‘ఇఫ్ యు విల్ కైండ్లీ సైన్ హియర్’ అని ఆఫీసుల్లో అంటారు కదా అని తెలివైన పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తారు. వేయనివ్వండి. అక్కడి ‘విల్’ రేపటి గురించి కాదు, ‘దయచేసి పెడతారా’ అనే మర్యాద.

మూడో తప్పుకూ మందు తెలుగులోనే ఉంది. ‘చదివి ఉంటే మంచి మార్కులు వచ్చేవి.’ ఈ వాక్యంలో ‘వచ్చేవి’ ఒక్కసారే వచ్చింది, అదీ చివర్లో. కాబట్టి ‘వుడ్’ కూడా ఒక్కసారే, ఫలితం చెప్పే సగంలోనే. ‘చదివి ఉంటే’ దగ్గర ‘హ్యాడ్ స్టడీడ్’ రావాలి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్, ఐ వుడ్ హ్యావ్ గాట్ గుడ్ మార్క్స్.’ అమెరికాలో ఉన్న పిన్ని పిల్లలు వీడియో కాల్‌లో ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అన్నారని మీవాళ్లు వాదించవచ్చు. అక్కడ మాటల్లో అలా వినిపించే మాట నిజమే. రాతపరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

ఒక్క విషయంలో తెలుగు మనకు పూర్తిగా సాయం చేయదు. ‘చెప్తే వచ్చేవాణ్ణి’ అనే మాట ఇప్పటిదీ కావచ్చు, నిన్నటిదీ కావచ్చు. ఇంగ్లిష్‌కు ఆ సంగతి తేలాలి. కాబట్టి రెండో ప్రశ్న అడగండి: ‘ఎప్పటి మాట?’ ఇప్పటిదైతే క్రియ ఒక అడుగు వెనక్కి. అయిపోయిన సంగతైతే ఇంకో అడుగు వెనక్కి, అంటే ‘హ్యాడ్ టోల్డ్’, ‘వుడ్ హ్యావ్ కమ్’. జరగొచ్చా, ఎప్పటి మాట అనే ఈ రెండు ప్రశ్నలు అడిగాక పట్టిక తీస్తే పిల్లలకు ఆ వరసలు దేనికో అర్థమవుతాయి.

జీరో కండిషనల్ గురించి బెంగ వద్దు. ఎప్పుడూ నిజమయ్యే వాటికి రెండు వైపులా ప్రెజెంట్ టెన్స్ వస్తుంది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి పంజాగుట్ట వెళ్లాలంటే మధురానగర్ దాటాక అమీర్‌పేటలో లైను మారాలి, ఎవరైనా, ఏ రోజైనా. ‘ఇఫ్ యు వాంట్ టు గో టు పంజాగుట్ట, యు చేంజ్ ఎట్ అమీర్‌పేట.’ తెలుగులో ‘మరుగుతాయి’ అంటే ఎప్పుడూ మరిగేదీ, రేపు మరగబోయేదీ రెండూ కాబట్టి పిల్లలు సైన్స్ వాక్యాల్లో కూడా ‘విల్’ రాస్తారు. అది పెద్ద తప్పేమీ కాదు.

‘నాన్న వస్తే’ ఎందుకు ప్రమాదం

అసలు పొరపాటు అర్థాలు వచ్చేది ఇంకోచోట. తెలుగు ‘తే’ ఇంగ్లిష్ ‘ఇఫ్’ కంటే విశాలం. ‘తెల్లారితే పరీక్ష’ అంటాం. తెల్లారుతుందో లేదో అనే అనుమానం మనకేమీ లేదు. సాయంత్రం ‘నాన్న వస్తే చెప్తాను’ అంటాం, నాన్న రోజూ వచ్చేవారే. దీన్ని ‘ఇఫ్ మై ఫాదర్ కమ్స్ హోమ్’ అని రాస్తే, చదివిన టీచర్‌కు ఆ ఇంట్లో ఏదో ఇబ్బంది ఉందేమో అనిపిస్తుంది. అనుమానం లేనప్పుడు ‘వెన్’ వాడాలి: ‘వెన్ మై ఫాదర్ కమ్స్ హోమ్, ఐ విల్ టెల్ హిమ్.’ ‘విల్’ సంగతి ఇక్కడా అంతే, ‘వెన్’ పక్కన వద్దు.

‘పడితే’కూ ‘పడినా’కూ తేడా చెప్పడానికి మన ఏరియానే చాలు. వర్షం పడితే కృష్ణకాంత్ పార్కులో నడక ఉండదు. వర్షం పడినా కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియంలో షటిల్ ఆగదు. మొదటిది ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, రెండోది ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్’. ఇక ‘అన్‌లెస్’లో ‘లేకపోతే’ ఇమిడే ఉంది. ‘అన్‌లెస్ యు డోంట్ స్టడీ’ అని రాస్తే రెండుసార్లు కాదన్నట్టు. ‘చదివితే తప్ప’ అనే మాటతో పోల్చి చూపించండి, అందులో ‘చదవకపోతే’ లేదు కదా.

ఈ ‘తే’కూ, ‘ఇనా’కూ తెలుగు వ్యాకరణంలో పేర్లున్నాయి. మీ పిల్లల తెలుగు పుస్తకంలో అసమాపక క్రియల దగ్గర చూడండి. ‘పడితే’ చేదర్థకం, ‘పడినా’ అప్యర్థకం. సంస్కృతంలో ‘చేత్’ అంటే అయితే అని, ‘అపి’ అంటే కూడా అని. రెండో భాషగానో, మూడో భాషగానో సంస్కృతం చదివేవాళ్లు ఇట్టే పట్టుకుంటారు. తెలంగాణలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులతో సహా పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. అంటే చేదర్థకం చదివే పిల్లా, ఫస్ట్ కండిషనల్ చదివే పిల్లా ఒక్కరే, ఒకే రోజు, రెండు పీరియడ్ల తేడాతో. ఆ రెండూ ఒకే సంగతని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. మా టీచర్లమూ అందులో భాగమే.

దీన్ని తిరగేసి చూస్తే తమాషాగా ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లిష్‌లో వ్యాకరణం ప్రచురించారు. అలాంటి పుస్తకం చేతబట్టుకుని తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్ వారికి మన ‘తే’ అంతే తలనొప్పి. ఇది ‘ఇఫ్’ అనుకోవాలా, ‘వెన్’ అనుకోవాలా అని.

ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడితే బాగుంటుందా అని చాలామంది అడుగుతున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు చూసినప్పుడు ఆ కంగారు సహజమే. క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడమనే నియమం క్లాసు వరకే. మీకు సరిగా పట్టులేని భాషలో మీరు ఇంట్లో మాట్లాడితే పిల్లలకు ‘కొంటాను’ ఒక్కటే వినిపిస్తుంది, ‘కొనేదాన్ని’ వినిపించదు. ఆ రెండో మాట, అంటే ఊహ, బేరం, బుజ్జగింపు, పశ్చాత్తాపం, వాళ్లు మీ నోటే నేర్చుకోవాలి. నిజానికి ఇంట్లో ఈ వాక్యాలు అందరికంటే ఎక్కువ వాడేది తల్లిదండ్రులే. పరీక్షల ముందు ‘బాగా రాస్తే సైకిల్ కొంటాం’ అంటారు, ప్రోగ్రెస్ కార్డు వచ్చాక ‘రోజూ గంట చదివి ఉంటే వచ్చేవి కదా’ అంటారు. మొదటి మాటకు పిల్లలు ఏదైనా చేయగలరు. రెండోదానికి తల దించుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ఫస్ట్‌కూ థర్డ్‌కూ ఇంతకంటే స్పష్టమైన తేడా ఏ పుస్తకంలోనూ దొరకదు.

సెలవు చీటీల గురించి ఒక మాట. ‘ఐ విల్ బి హ్యాపీ ఇఫ్ యు గివ్ లీవ్’ అని రాసి పంపుతుంటారు. అర్థమవుతుంది, కానీ చనువుగా వినిపిస్తుంది. అదే ఒక అడుగు వెనక్కి వేస్తే మర్యాద వస్తుంది: ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ గ్రాంట్ మై డాటర్ లీవ్ ఆన్ ఫ్రైడే.’ మనం ‘ఇస్తారా’ అనకుండా ‘ఇవ్వగలిగితే బాగుండేది’ అన్నట్టే.

ఈ వారం మీ ఇంట్లో నిజంగా అనుకున్న మూడు మాటలు, తిట్లైనా ఫరవాలేదు, పిల్లలతో తెలుగులో రాయించండి. ఒకటి ‘తాను’తో, ఒకటి ‘నినా’, ‘డినా’ లాంటి మాటతో, ఒకటి ‘ఉంటే... వచ్చేవి’తో. వాటి కింద ఇంగ్లిష్ వాక్యాలు వాళ్లనే రాయమనండి. సోమవారం డైరీలో పెట్టి పంపితే ఇంగ్లిష్ టీచర్, తెలుగు టీచర్ ఇద్దరూ చూసి సంతకం పెడతారు.