పెదవి మీద జ్వరపు పొక్కులు

పెదవి అంచున నీటి పొక్కులతో మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది "పురుగు పాకిందండీ" అంటారు. అది పురుగు కాదు, హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో 64 శాతం మందికి ఇది ఉంది. కాబట్టి సిగ్గుపడవలసిన పనిలేదు. చిన్నతనంలో ముద్దుల వల్ల, ఎంగిలి వల్ల అంటుకుని, నరంలో దాగి ఉండి, జ్వరం, ఎండ, అలసట తగిలినప్పుడు పైకి వస్తుంది. చీమకుర్తి క్వారీల్లో ఎండన పనిచేసేవారు ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం మేలు.

పొక్కు పగిలి నీరు కారే రోజుల్లో ఎక్కువగా అంటుతుంది. పొక్కు లేనప్పుడు కూడా ఒక్కోసారి అంటవచ్చు. గ్లాసు, తువ్వాలు, రేజరు వేరుగా ఉంచుకోండి. ప్రభురాత్రి భోజనంలో అందరికీ ఒకే పాత్ర ఉంటే, ఆ ఆదివారం విడి కప్పు అడగడానికి మొహమాటపడవద్దు. బాలింతను చూడబోయినప్పుడు మాత్రం బిడ్డను ముద్దు పెట్టుకోవద్దు, నాయనమ్మయినా సరే. నెలలోపు పసికందుకు ఈ వైరస్ ప్రాణం మీదికి తేవచ్చు.

సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో మానిపోతుంది. సున్నం రాయకండి. పెదవి చిమచిమలాడిన మొదటి రోజే వస్తే ఎసైక్లోవిర్ మందు బాగా పనిచేస్తుంది. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, పిల్లలు నీళ్లు కూడా తాగలేకపోయినా, 2 వారాలకు మానకపోయినా, హెచ్.ఐ.వి. ఉన్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నా డాక్టరును కలవండి. పసికందు ఒళ్లు కాలినా, పాలు మానేసినా తెల్లవారేదాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.