పనిముట్టును చేయు పనిముట్టు
(ఇంటి కార్ఖానాయందు నమూనా యంత్రముల నిర్మాణమును గూర్చి)

గోదావరీ తీరమున వెలసిన మన మంథని వేదశాస్త్రాధ్యయనమునకు చిరకాలమునుండి ప్రసిద్ధి గాంచినది. ఈ ఉత్తర తెలంగాణ సీమకు మరియొక విద్యయందును పేరు గలదని మన విద్యార్థులలో ననేకులెరుగరు. అది లోహవిద్య. మనకు పడమటనున్న నిజామాబాదు సీమలోని కోనసముద్రమందు కమ్మరులు మట్టి మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారసీక దేశమునుండి వర్తకులు వచ్చుచుండిరి. ఆ పనిని చూచి వాయిసీ యను ఆంగ్లేయుడు వ్రాసిన వర్ణనము 1832 లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికయందు వెలువడినది. అట్టి సీమయందు నేడొక బాలుడు ఇంటి వసారాలో కూర్చుండి ఆకురాతితో ఇత్తడి ముక్కను రాయుచుండినచో, "చదువు మాని ఈ పని నీకేల?" యని తలిదండ్రులు మందలించుట కద్దు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నమూనా యంత్రమనగా పెద్ద యంత్రమువలె కనబడు బొమ్మ కాదు. అది పరిమాణమున చిన్నదయ్యును, పెద్దదానివలెనే నిజముగా పనిచేయునది. లోకమును మార్చిన యొక గొప్ప ఆలోచన ఇట్టి నమూనానుండియే పుట్టెను. 1763-64 సంవత్సరములలో గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు తమ వద్దనున్న న్యూకొమెన్ ఆవిరియంత్రపు నమూనాను బాగుచేయుమని జేమ్సు వాట్ అను పరికరముల పనివానికి ఇచ్చిరి. దానిని ఆడించి చూడగా, నాలుగైదు పోటులలోనే ఆవిరి యంతయు అయిపోవుచుండెను. ప్రతి పోటునందును సిలిండరును చన్నీటితో చల్లార్చి, మరల వేడి చేయవలసి వచ్చుటయే ఇందుకు కారణమని ఆయన కనుగొనెను. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చినయెడల సిలిండరు ఎల్లప్పుడును వేడిగానే యుండునుగదా యను ఊహ 1765 లో ఆయనకు తోచెను.

అయితే ఊహ పుట్టిన వెంటనే యంత్రము పుట్టలేదు. ఆ కాలమున పెద్ద సిలిండరును లోపల సమముగా తొలుచు సాధనము ఎవరి వద్దను లేకుండెను. పిస్టనుకును సిలిండరుకును నడుమ సందు మిగిలి ఆవిరి కారిపోవుచుండెను. జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టములను తొలుచుటకు 1774 లో కనిపెట్టిన విధానముననుసరించి, 1775 లో వాట్ యంత్రమునకు సిలిండరు సిద్ధమయ్యెను. అనగా ఒక మహా ఆలోచన పదియేండ్లు ఒక పనిముట్టు కొరకు వేచియుండవలసి వచ్చినది. విద్యార్థులారా, ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుడు. పుస్తకమునుండి ఆలోచన కలుగవచ్చును. దానికి రూపమిచ్చునది మాత్రము పనిముట్టు.

ఇప్పుడు ఇంటియందు చేయదగిన మిక్కిలి సులభమైన యంత్రమును వర్ణించెదను. దీనిని ఊగు సిలిండరు యంత్రమందురు. నిలువుగా నిలిపిన యొక పలకకు సిలిండరును ఒక్క చీలతో, ఊయెలవలె అటునిటు ఊగునట్లు, అమర్చవలెను. సిలిండరులో పిస్టను, పిస్టను కడ్డీ కొనకు క్రాంకు, క్రాంకు ఇరుసునకు బరువైన చక్రము. సిలిండరు ప్రక్కనొక రంధ్రమును, దానికెదురుగా పలకలో రెండు రంధ్రములును ఉండును. సిలిండరు ఒక వైపునకు ఊగినపుడు దాని రంధ్రము పలకలోని మొదటి రంధ్రముతో కలిసి ఆవిరి లోనికి వచ్చి పిస్టనును నెట్టును. రెండవ వైపునకు ఊగినపుడు రెండవ రంధ్రముతో కలిసి, వాడిన ఆవిరి బయటికి పోవును. చక్రముయొక్క బరువు పిస్టనును మరల మొదటి చోటికి చేర్చును. వేరుగా కవాటములు అక్కరలేదు. పిస్టను కదలిక 24 మిల్లీమీటర్లు కావలెనన్న, క్రాంకు చీల ఇరుసు నడిమినుండి సరిగా 12 మిల్లీమీటర్ల దూరమున నుండవలెను.

చెప్పుట ఇంత సులభము. చేయునపుడు యంత్రము మనలను పరీక్షించును. సిలిండరు ముఖమును పలకయు ఒకదానికొకటి అంటి సమముగా లేనిచో ఆవిరి కారిపోవును. ఇరుసు ఏ కొంచెము వంకర యున్నను చక్రము నిలిచిపోవును. కాగితముమీది లెక్కలో చిన్న తప్పున్నను ఉపాధ్యాయుడు కొన్ని మార్కులీయవచ్చును. యంత్రము అట్లు కనికరించునది కాదు; తిరుగును, లేదా తిరుగదు. ఈ నిష్పక్షపాతమే బాలునకు గొప్ప శిక్షణ.

సమమనగానేమి? సమమైన పలక లేనిదే మరియొకదాని సమత్వమును పరీక్షించుట యెట్లు? మొదటి పలకను ఎవరు సమము చేసిరి? ఈ చిక్కును విప్పిన ఉపాయము అతి చక్కనిది. జోసెఫ్ విట్‌వర్తు దీనిని 1840 లో గ్లాస్గోయందు విద్వత్సభ యెదుట వివరించెను. పలకలు రెండు కాదు, మూడు కావలెను. వానిని అ, ఆ, ఇ యనుకొందము. 'అ' పలక నడుమ కొంచెము గుంట యున్నదనుకొనుడు. దానికి సరిపోవునట్లు గీకిన 'ఆ' పలక నడుమ ఉబ్బును. రెండును చక్కగా అంటుకొనును, తప్పు తెలియదు. 'ఇ' పలకను కూడ 'అ' కు సరిపోవునట్లు గీకినచో అదియు ఉబ్బును. ఇప్పుడు 'ఆ', 'ఇ' లను ఒకదానిపై నొకటి పెట్టిచూడుడు. రెండు ఉబ్బులును నడుమ మాత్రమే తగిలి పలకలు ఊగులాడును. తప్పు బయటపడినది! నూనెతో కలిపిన సింధూరమును పలుచగా పూసి, పలకలను త్రిప్పి త్రిప్పి రుద్ది, రంగంటిన మెట్టలను గీకుచు పోవలెను. ఏ రెండింటిని జతచేసినను అంతటను సమముగా అంటినపుడు మూడును సమమైనవే. ఇద్దరు ఏకీభవించినంతమాత్రమున సత్యము కాదనియు, మూడవవాని సాక్ష్యము కూడ కావలెననియు ఇంతకంటె చక్కగా బోధించు పాఠమును నేనెరుగను.

ఇట్లే తరిమెనయు. మన వడ్రంగులు కొయ్యను త్రిప్పి నునుపుచేయు తరిమెనయే లోహమునకు తగినట్లు బలపడి నేడు లేతు మిషనని పిలువబడుచున్నది. హెన్రీ మాడ్‌స్లే 1800 సంవత్సర ప్రాంతమున ఉలిని చేతితో పట్టుకొనుటకు మారుగా, మరకడ్డీవలన జరుగు పీఠమునందు బిగించి, ఒకే కొలత గల మరలను మరల మరల కోయగల్గెను. లేతు వచ్చిన పిమ్మట మంచి మరలు వచ్చెను. మంచి మరలవలన మరింత మంచి లేతులు వచ్చెను. పనిముట్టు తనకంటె మంచి పనిముట్టును కనును.

"ఇంతటి సాధనములు పేదవానికెక్కడివి?" యని అడుగుదురేమో. అమెరికా దేశస్థుడైన డేవిడ్ జింజరీ 1980 దశకమున ప్రకటించిన పుస్తకములలో, పాత అల్యూమినియము ముక్కలను బొగ్గుల కొలిమిలో కరగించి, ఇసుక అచ్చులలో పోసి, లేతును ఇంటియందే నిర్మించు విధానమును చూపెను. సగము నిర్మించిన లేతుతోనే మిగిలిన భాగములను చేసికొనుట అందలి విశేషము. ఇనుము కరగుటకు 1,500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడి కావలెను. అల్యూమినియమునకు 660 డిగ్రీలు చాలును. అయితే పోతపని పెద్దల యెదుటనే చేయవలెను. అచ్చునందు గాని నేలపై గాని తడి యున్నచో కరగిన లోహము చిమ్మి కన్నులకు హాని చేయును. ఆవిరి విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ఒక గిన్నెడు నీరు ఆవిరియైనచో సుమారు 1,600 గిన్నెల చోటును కోరును. కావున విద్యార్థులు తమ యంత్రములను మొదట గాలితోనే నడుపవలెను. సైకిలు పంపుతో గాలి నింపిన ట్యూబు ఇందుకు చాలును. నీటిని మరగించు పాత్రను తెలిసినవారు చన్నీటి ఒత్తిడితో, వాడబోవు ఒత్తిడికి రెట్టింపుగా, పరీక్షించినగాని పొయ్యిమీద నెక్కింపరాదు.

ఇక మన తెలుగువారి మాట. కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు కుటుంబమునందు 1893 లో జన్మించిన జి. డి. నాయుడుగారికి పాఠశాల చదువు అంతగా అబ్బలేదు. ఒక మోటారు సైకిలును సంపాదించి, దాని నంతయు విప్పి, మరల కూర్చి యంత్రవిద్యను నేర్చెను. 1937 లో బాలసుందరము నాయుడుగారితో కలిసి స్వదేశమున విద్యుత్ మోటారును తయారుచేసెను.

అంతకంటె మనకు సమీపమైన ఉదాహరణము ఆలేరు ప్రాంతమువాడైన చింతకింది మల్లేశముగారు. చీరె నేయుటకు ముందు నూలును చీలలచుట్టు త్రిప్పు ఆసు పనియందు చేయి ఒక్క చీరకు కొన్నివేల మారులు అటునిటు ఆడవలెను. ఆ పనివలన తన తల్లి లక్ష్మి భుజములు నొచ్చుట చూడజాలక, చిన్నతనముననే బడి చాలించిన ఆయన కొయ్యలు, మరలు, మోటార్లతో ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999 లో ఆసు యంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017 లో ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించిరి. ఆయన యంత్రము ఏ గొప్ప కర్మాగారమునను పుట్టలేదు. తల్లి బాధను చూచిన కన్నును, పనిముట్టు తెలిసిన చేయియు కలిసినచోట పుట్టినది.

తలిదండ్రులారా, నేను చదువును తక్కువచేయుట లేదు. క్రాంకు దూరమును లెక్కించుటకు గణితము కావలెను. ఆవిరిని తెలిసికొనుటకు భౌతికశాస్త్రము కావలెను. చేతిపని ఈ పాఠములకు విరోధి కాదు. వానిని రుజువుచేయు సాక్షి. దేవుడు ప్రత్యక్షగుడారపు పనికొరకు బెసలేలును పిలిచి, లోహమును, రాతిని, కొయ్యను మలచు జ్ఞానముతో ఆయనను నింపెనని నిర్గమకాండము చెప్పుచున్నది. అట్టి జ్ఞానమును మనము హీనముగా చూడదగునా? రామగుండము విద్యుత్కేంద్రమునందు బొగ్గువేడికి పుట్టిన ఆవిరియే నేటికిని మహాచక్రములను త్రిప్పుచు మన యిండ్లలో దీపము వెలిగించుచున్నది. అచ్చట పనిచేయువారు రేపు మన బిడ్డలలోనుండియే రావలెనుగదా.

కావున ఇంటి వసారాలో ఒక మూలను, గట్టి బల్లను, ఒక వైసును, రెండు ఆకురాళ్లను, ఒక మూలమట్టమును బాలునకు, బాలికకు కూడ, ఇయ్యుడు. విద్యార్థులారా, మొదట యంత్రమునకు తొందరపడకుడు. 25 మిల్లీమీటర్ల ఇనుప ముక్క నొకదానిని తీసికొని, ఆరు ముఖములును సమముగా, మూలలన్నియు సరిగా వచ్చువరకు ఆకురాతితో రాయుడు. మూలమట్టమును ఆనించి వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. సందునుండి వెలుగు కనబడినచో ఇంకను పని యున్నదన్నమాట. ఆ వెలుగు మాయమైన దినమున మీరు యంత్రమును మొదలుపెట్టవచ్చును.