గాయపడిన దుప్పి జాడ

బెంగళూరుకు దక్షిణాన, హోసూరు రోడ్డు పక్క కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల భూముల్లో 1978 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సిటీకి పడమటి వైపున, కొద్ది మైళ్ల దూరంలోనే బన్నేరుఘట్ట అడవి మొదలవుతుంది. 1974లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమై, ఆ తర్వాత విస్తరించి ఇప్పుడు సుమారు 260 చదరపు కిలోమీటర్లకు చేరిన ఈ అడవి, దక్షిణాన తమిళనాడులోని తళి, జవళగిరి అడవులను కలుపుకొని కావేరి వైపు సాగుతుంది. ఏనుగులు, చిరుతలతో పాటు కణుతులు, చుక్కల దుప్పులు ఇక్కడ మేస్తుంటాయి. ఆనేకల్లు, హోసూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకూ, ఉద్యోగాల కోసం ఇటీవల వచ్చి చేరిన తెలుగువారికీ ఇది పొరుగు అడవి.

ఈ అడవిలో విల్లు ఎక్కుపెట్టడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. చంపడమే కాక గాయపరచడం, ఉచ్చు వేయడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుందని నిర్వచించింది. జాతీయ ఉద్యానంలో ఆ పని చేసినవారికి 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది. ప్రాణరక్షణ కోసం గాయపరచిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే అవుతుంది తప్ప గాయపరచినవాడిది కాదు. అయినా విల్లువేటగాళ్లు వందల ఏళ్లుగా సానపట్టిన ఒక విద్య, అంటే దెబ్బ తిని అడవిలోకి పరుగెత్తిన జింకను జాడ పట్టి చేరుకునే విద్య, వేటతో పాటే పోవలసినది కాదు. మనిషి వల్ల అడవి జంతువుకు గాయాలు తగులుతున్నంతకాలం ఆ విద్యతో పని ఉంటుంది.

ఆ విద్య ఎందుకు పుట్టిందో తెలియాలంటే బాణం పనిచేసే తీరు తెలియాలి. వేగంగా దూసుకుపోయే తుపాకి గుండు తన తాకిడితోనే చుట్టుపక్కల కణజాలాన్ని ఛిద్రం చేస్తుంది. బాణానికి అంత వేగం లేదు కనుక దాని ములుకుకున్న పదునైన అంచులు రక్తనాళాలను కోస్తాయి, ఆ కోత వల్ల రక్తం పోయి జంతువు కూలుతుంది. ఒంట్లోని నెత్తురులో సుమారు మూడో వంతు పోయేదాకా జింక నిలబడగలదు, పరుగెత్తగలదు. అందుచేత విల్లువేటలో జింక ఉన్నచోటే పడిపోవడం అరుదు. రెండు ఊపిరితిత్తులూ తెగినా చాలాసార్లు వంద గజాల దాకా పరుగెత్తి, పొదల్లో కనుమరుగయ్యాకే పడిపోతుంది. తెల్లతోక జింకల విల్లువేటను రాష్ట్ర ప్రభుత్వాలు రుతువులవారీగా అనుమతించే అమెరికాలో అనుభవజ్ఞులు బాణం వదలడం కంటే ఆ తర్వాతి గంటలనే అసలు పరీక్షగా భావించడానికి కారణం ఇదే.

ఆ పరీక్ష బాణం తగిలిన క్షణంలోనే మొదలవుతుంది. గుండె దగ్గర దెబ్బ తగిలిన జింక చాలాసార్లు వెనుక కాళ్లు ఝాడించి ఎగిరి నేలకు వంగి పరుగెడుతుంది. పొట్టకు తగిలినది వీపు గూనిగా వంచుకుని, కాస్త దూరం పోయి నెమ్మదిగా నడుస్తుంది. వేటగాడు జింక నిలబడిన చోటును, అది చివరిసారి కనిపించిన చెట్టునో బండనో గుర్తుపెట్టుకుని, అలికిడి చేయకుండా బాణాన్ని వెతుకుతాడు. దొరికిన బాణమే మొదటి సాక్ష్యం. దాని మీద గులాబీ ఛాయ ఎరుపులో, చిన్న చిన్న గాలి బుడగలతో నురగ కట్టిన నెత్తురు ఉంటే అది ఊపిరితిత్తుల నుంచి వచ్చినది, ఎందుకంటే గాలితో కలిసిన నెత్తురే అలా నురగకడుతుంది. చిక్కగా, నల్లెరుపుగా ఉంటే కాలేయం దెబ్బతిన్నట్టు. ఆకుపచ్చ లేదా గోధుమ రంగు జిగురు, సగం నలిగిన మేత తునకలు, దుర్వాసన ఉంటే ములుకు నెమరు సంచిలోకి గానీ పేగుల్లోకి గానీ దిగినట్టు. నెమరువేసే జంతువుల నాలుగు గదుల పొట్టలో మొదటిదీ అన్నిటికంటే పెద్దదీ అయిన గదిని నెమరు సంచి అంటారు. మొదట ధారాళంగా కనిపించి, బుడగలు లేకుండా, పోనుపోను సన్నగిల్లి ఆగిపోయే ఎర్రటి నెత్తురు చాలావరకు కండరపు గాయానిది, అటువంటి జింక తరచు బతికి బయటపడుతుంది. అక్కడ రాలిన వెంట్రుకలు కూడా సాక్ష్యమే: ముతకగా ముదురు రంగులో ఉంటే వీపువి, తెల్లగా ఉంటే పొట్ట కిందివి.

ఈ సాక్ష్యాలన్నీ తేల్చేది ఒక్కటే, ఎంతసేపు ఆగాలన్నది. ఊపిరితిత్తుల గాయమైతే అరగంట, కాలేయమైతే సుమారు 4 గంటలు, పొట్ట అయితే 8 నుంచి 12 గంటలు ఆగాలన్నది విల్లువేటగాళ్లలో స్థిరపడిన నియమం. తరిమేవారు లేకపోతే గాయపడిన జింక దగ్గరలోనే ఒక పొదలో పడుకుంటుంది, పడుకున్నచోటే ప్రాణం విడుస్తుంది. తొందరపడి వెంటపడితే లేచి మైళ్లకొద్దీ పోతుంది, జాడ తెగిపోతుంది, ఎవరికీ చిక్కకుండా గంటలకొద్దీ బాధపడి చస్తుంది. ఎండ తీవ్రంగా ఉన్నచోట ఆలస్యమైతే మాంసం పాడవుతుంది, వాన మొదలైతే నెత్తుటి జాడ కొట్టుకుపోతుంది, తోడేళ్లవంటి జంతువులు ముందుగా చేరవచ్చు. ఇన్ని ఒత్తిళ్ల మధ్య కూడా ఆగగలిగినవాడే మంచి వేటగాడు. ఈ విద్యలో కంటిచూపు కంటే ఓర్పుదే పెద్ద పాత్ర అని అనుభవజ్ఞులు చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఆగవలసినంతసేపు ఆగాక జాడ పట్టేవాడు జాడ మీద కాక దాని పక్కన నడుస్తాడు, ఎందుకంటే తొక్కిన జాడను మళ్లీ చదవలేము. ఒకరు చివరి నెత్తుటి చుక్క దగ్గర నిలబడితే మరొకరు ముందుకు వెతుకుతారు, దొరికిన ప్రతి చుక్క దగ్గరా రంగు పట్టీ కడతారు. వెనుదిరిగి చూస్తే ఆ పట్టీల వరుస జింక పట్టిన దిక్కును చూపిస్తుంది. నేల మీద చుక్కలు కనబడనప్పుడు మోకాలి ఎత్తున, నడుము ఎత్తున ఆకుల అంచులను, గడ్డి పరకలను చూడాలి, ఎందుకంటే గాయమైన పక్క వాటికి రాసుకుంటుంది. చుక్కలు అసలే ఆగిపోతే గిట్టల అచ్చులు, తిరగబడిన ఎండుటాకులు, విరిగిన రెమ్మలు దారి చూపుతాయి. పరుగెత్తే జింక గిట్టల రెండు పాయలు విచ్చుకుని లోతుగా దిగుతాయి, నడిచేదాని పాయలు దగ్గరగా ఉంటాయి. అనుమానంగా ఉన్న మరకపై హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లితే నెత్తురైతే తెల్లగా పొంగుతుంది. అన్నీ విఫలమైతే చివరి గుర్తు చుట్టూ వలయాలు పెంచుకుంటూ, నీటి చెలమలనూ దట్టమైన పొదలనూ విడవకుండా గాలిస్తారు.

మనిషి కన్ను ఆగిపోయినచోట కుక్క ముక్కు పని మొదలవుతుంది. జర్మనీలో హనోవర్, బవేరియా జాతుల కుక్కలను తోలుపట్టీతో పట్టుకుని గాయపడిన జంతువుల జాడ తీయడం పాత సంప్రదాయం. అవి నెత్తుటి వాసననే కాక గిట్టల పాయల మధ్య ఉన్న గ్రంథులు నేలపై వదిలే వాసననూ పట్టుకుంటాయి. విల్లువేటను అసలే అనుమతించని ఆ దేశంలో గాయపడిన జంతువును వెతకడం మాత్రం వేటగాడి విధి. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల చట్టాలు గాయపరచినదాన్ని వెతికి తీరాలని చెబుతాయి. దక్కను కుక్కలకూ వేటలో చరిత్ర లేకపోలేదు: రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలం నాటి, క్రీ.శ. 949 ప్రాంతపు ఆతకూరు శాసనం, మనలేరుడనే వీరుని 'కాళి' అనే వేటకుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడగా రెండూ చనిపోయాయని రాతిపై నిలిపింది. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

రాజుల వేటకు ఈ నేల మీద గ్రంథాలూ పుట్టాయి. 12వ శతాబ్దపు కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో వేట విధానాలను వర్ణించాడు. కానీ జాడ చదవడంలో అసలైన పాండిత్యం రాజులది కాదు, అడవిలో బతికినవారిది. నల్లమల చెంచులు తరతరాలుగా విల్లంబులతో తిరిగినవారు. 1940లో వారి మధ్య పరిశోధించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వారిపై ఒక పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. 1972 చట్టం వారి వేటనూ నేరంగా మార్చింది, అటవీ ఫలసాయంపై హక్కులు గుర్తించిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును ప్రత్యేకంగా మినహాయించింది. అయితే నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో గస్తీ శిబిరాల కాపలాదారులుగా అడుగుజాడలను గుర్తించేవారిలో చెంచులు ఉన్నారు. తరాల జ్ఞానాన్ని ప్రభుత్వం సరైన పనిలో పెట్టిన కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి. ఆ పనికి తగిన జీతం, గౌరవం ఇవ్వవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే.

భారతదేశంలో ఇప్పుడు జింకపైకి చట్టబద్ధంగా వదిలే 'బాణం' పశువైద్యుడి మత్తుసూది మాత్రమే. అడవిలోనో ఊరి అంచునో గాయపడిన దుప్పికి చికిత్స చేయాలంటే జైలజిన్, కెటమిన్ వంటి మందులు కలిపిన సూదిని దూరం నుంచి వదులుతారు. సూది తగిలిన జింక కూడా వెంటనే పడిపోదు. కొన్ని నిమిషాల పాటు కదులుతూ పొదల్లోకి పోతుంది. ఇక్కడా వేటగాడి నియమమే వర్తిస్తుంది: వెంటపడకూడదు, దిక్కు గుర్తుపెట్టుకుని, చప్పుడు లేకుండా మందు పనిచేసేదాకా ఆగాలి. చేరుకున్నాక దాన్ని పక్కకు పడనివ్వకుండా రొమ్ము ఆనేలా కూర్చోబెట్టి తల పైకెత్తి ఉంచుతారు, లేకపోతే నెమరు సంచిలోని మేత ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్లకు గుడ్డ కడతారు. ఆగడంలో ఇంత పట్టింపు ఎందుకంటే జింకజాతికి భయమే ప్రాణాంతకం. తరిమినప్పుడు, పట్టుకుని పెనుగులాడినప్పుడు కండరాలు విపరీతంగా పనిచేసి దెబ్బతిని, వాటి నుంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలనూ గుండెనూ కుదేలు చేస్తాయి. బయటికి గాయమే లేని జింక కూడా ఆ తర్వాత గంటల్లోనో రోజుల్లోనో చనిపోవచ్చు.

బన్నేరుఘట్ట చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ముసాయిదాలోని సుమారు 269 చదరపు కిలోమీటర్ల నుంచి 2020 తుది ప్రకటనలో సుమారు 169కి తగ్గించారు; లేఅవుట్లు, రోడ్లు అడవికి మరింత దగ్గరవుతున్నాయి. అడవి అంచున దుప్పిని గాయపరిచేవి ఇప్పుడు ఎక్కువగా వాహనాలు, ఊరకుక్కల గుంపులు, పొలాల గట్లపై అడవిపందుల కోసం వేసిన తీగ ఉచ్చులు. అటువంటి దుప్పి కనిపిస్తే గుంపుగా చుట్టుముట్టడం, సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటపడటం, నీళ్లు తాగించబోవడం దానికి చేటే చేస్తాయి. దూరంగా నిలబడి కుక్కలను అదిలించాలి, అది పోయిన దిక్కునూ చివరిసారి కనిపించిన చోటునూ గుర్తుపెట్టుకోవాలి, నెత్తుటి మరకలను తొక్కకుండా ఒక మనిషిని అక్కడ నిలబెట్టి కర్ణాటక అటవీశాఖ సహాయ నంబరు 1926కు ఫోన్ చేయాలి, సిబ్బంది వచ్చేదాకా ఆగాలి.