వృత్తి మల్లుని జీవనము

“మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్” అను పేరు నేడు మన నెల్లూరు తీరమున సైతము యువకుల నోట వినబడుచున్నది. పట్టు, పిడికిలి, కాలిదెబ్బ అన్నియు గలసిన పోరు గనుక దీనిని మనము మిశ్రమ మల్లయుద్ధ మనవచ్చును. పెద్దలు కొందఱు దీనిని వట్టి కొట్లాట యందురు. యువకులు క్రీడ యందురు. ఇదే జీవనాధారముగ చేసికొందునని ఇంటిలో ఒక బాలుడు పలికినపుడు తల్లిదండ్రులు కోపించుటకు గాని, సంతసించుటకు గాని ముందు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు. ఈ వృత్తి యెట్టిది? ఇందలి రాబడికి నిలుకడ యెంత? దేహ మిందుకై చెల్లించు వెల యేమి? ఈ ప్రసంగమున వీనిని విచారింతము.

ఇట్టి పోరు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవములందలి మల్లయుద్ధములను వర్ణించెను. అవి తమ దేశపు కుస్తీల వంటివి కావనియు, అందలి దెబ్బలకు పండ్లు రాలుట, కన్నులు పోవుట కలదనియు, మాట పడిపోయిన వారిని మిత్రులు మోసికొని పోవుచుందురనియు అతడు వ్రాసెను. అయినను ఆ గోదాలో నాయకులును, న్యాయనిర్ణేతలును ఉండిరి. ఇరువురను సమస్థితిలో నిలుపుటయు, గెలిచినవానికి గౌరవము నిర్ణయించుటయు వారి పని. రాయలు స్వయముగ తెల్లవాఱక మునుపే నువ్వులనూనె పూసికొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టెడివాడని ఆ యాత్రికుడే చెప్పుచున్నాడు. మన ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన రాయలే యాతడు.

“జెట్టి” యను మాటకు మన భాషలో మల్లుడని యర్థము. మల్లవిద్యయే కులవృత్తిగా గల జెట్టీలను గూర్చి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. తెలుగు జిల్లాలలో వారు ఒడలు పట్టుట, నరముల నొప్పులకు తైలములు మర్దించుట చేయుచుండిరని అందు కలదు. మైసూరు దసరా వేడుకలలో వజ్రముష్టి ధరించి జెట్టీలు పోరు ఆచార మొకటి కలదు. తొలి నెత్తురుబొట్టు కనబడగనే ఆ పోరు ముగియును. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పోరున కొక హద్దు కలదు. రెండవది, పోరువానికి వేఱొక జీవిక కలదు. నేటి వృత్తి మల్లుని బాగోగులను కొలుచుటకును ఈ రెండు కొలతలే చాలును.

మొదట హద్దును చూతము. 1993 నవంబరు 12వ తేదీన అమెరికాలోని డెన్వర్ నగరమున “అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్” అను పేర తొలి పందెము జరిగెను. ఎనిమిదిమంది వేఱువేఱు విద్యలవారు ఒక్క రాత్రియే పోరిరి. బరువుల తారతమ్యము పాటింపబడలేదు, నియమములు స్వల్పము. బ్రెజిల్ దేశీయుడైన రాయిస్ గ్రేసీ ముగ్గురిని వరుసగ ఓడించి గెలిచెను. అతడు భారీకాయుడు కాడు; పిడికిలి బలముచేత గెలిచినవాడును కాడు. ఎదుటివానిని నేలకు దింపి, కంఠమును బిగించి, ఓటమి నొప్పించెను. జపాను జూడో ఉపాధ్యాయుడు మిత్సుయో మాయెదా బ్రెజిల్‌లో నేర్పిన విద్యను గ్రేసీ వంశమువారు పెంపొందించిన ఫలమది. నిలిచి కొట్టుట మాత్రమే నేర్చినవాడు నేలపై నిస్సహాయుడగునని నాటితో లోకమునకు తెలిసెను.

ఆ తొలిదినములలో ఈ పోటీలను మనుష్యుల కోడిపందెమని అమెరికా సెనేటరు జాన్ మెకెయిన్ నిందించెను. కోడిపందెములను ఎఱిగిన మనకు ఆ నిందలోని తీవ్రత వేఱుగ చెప్పనక్కరలేదు. పెక్కు రాష్ట్రములు ఈ పోటీలను నిషేధించెను. నియమములు లేనిచో ఈ క్రీడకు బ్రతుకు లేదని నిర్వాహకులు గ్రహించిరి. 2000వ సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రమున ఏకరూప నియమావళి రూపొందెను. దాని ప్రకారము కన్ను పొడుచుట, కఱచుట, మర్మస్థానములను కొట్టుట, తల వెనుక భాగమున కొట్టుట, నేలపైనున్నవాని తలను తన్నుట నిషిద్ధములు. సాధారణ పోరు అయిదేసి నిమిషముల మూడు ఘట్టములు. పట్టపు పోరు అయిదు ఘట్టములు. నడుమ ఒక్కొక్క నిమిషము విరామము. ముగ్గురు న్యాయనిర్ణేతలు ప్రతి ఘట్టమునకు మార్కులు వేయుదురు. ఓడినవాడు చేతితో రెండుమూడు మారులు తట్టినచో పోరు ఆ క్షణముననే ఆగును. తన్ను తాను కాపాడుకొనలేని స్థితిలో మల్లుడున్నచో రెఫరీ ఆపును. గాయము చూచి వైద్యుడు చాలునన్నచో ముగియును. తట్టుట అవమానము గాదు. ఎముక విఱుగకమునుపే తట్టువాడు మఱునాడు సాధనకు రాగలడు.

ఇక ప్రవేశము. ఈ వృత్తిలో నేరుగ దిగువారు అరుదు. కుస్తీ, బాక్సింగు, జూడో, వుషు మున్నగు వానిలో ఒకదానిని బాల్యము నుండి నేర్చి, దానిని పునాదిగ జేసికొని తక్కినవానిని కూర్చుకొందురు. నిలిచి పోరుటకు బాక్సింగు, థాయిలాండు దేశపు ముయే థాయి. క్రిందకు పడవేయుటకు కుస్తీ. నేలపై బిగించుటకు జూజిట్సు. పూర్వము మన పట్టణముల తాలింఖానాలో వస్తాదు ఒక్కడే సర్వము నేర్పెడివాడు. నేటి మల్లునికి ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క గురువు, ఆహారము చూచువా డొకడు, ఒప్పందములు చూచువా డొకడు కావలయును. వీరందఱికి వెచ్చము పెట్టువాడు మల్లుడే.

సామాన్య ప్రేక్షకునకు కనబడని పోరు మఱియొకటి కలదు; అది త్రాసుతోడి పోరు. ఫ్లైవెయిట్ వర్గమునకు హద్దు 56.7 కిలోలు, లైట్‌వెయిట్‌కు 70.3 కిలోలు, వెల్టర్‌వెయిట్‌కు 77.1 కిలోలు. పోరుకు ముందుదినమున తూకము వేయుదురు. తనకంటె చిన్నవానితో పోరు లాభము గోరి, సహజముగ అధిక బరువుగలవాడు నీరు మాని, ఉడుకు స్నానములు చేసి, చెమటతో బరువు దింపి, తూకము కాగానే మరల నీరు త్రాగి పెంచుకొనును. వేసవిలో మన తీరపు ఉప్పుమడులలో పనిచేయు కూలీ నీరు చాలక సొమ్మసిల్లుట చూచినవారికి ఇందలి అపాయ మెఱుకయే. శరీరమున నీరు తగ్గినచో మూత్రపిండములు దెబ్బతినును, గుండెకు శ్రమ పెరుగును. 2015 డిసెంబరులో చైనా యువకుడు యాంగ్ జియాన్ బింగ్, 21 ఏండ్లవాడు, మనీలా నగరమున ఇట్లు బరువు తగ్గించుకొనుచునే మరణించెను. పోరు మొదలే కాలేదు. అటుపిమ్మట “వన్ ఛాంపియన్‌షిప్” అను ఆ సంస్థ నీరు తగ్గించి బరువు దింపు పద్ధతిని నిషేధించి, శరీరమునందలి నీటిపాలును సైతము పరీక్షింప నారంభించెను. హద్దు అనునది గోదాకు వెలుపలను అవసరమని ఆ మరణము చాటెను.

ఇక రాబడి. మన తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యాంత్రిక, మోటారు పడవలకు వేట నిషిద్ధము. ఆ దినములలో వల కదలదు. పొయ్యి మాత్రము వెలుగవలయును. వృత్తి మల్లునికి సంవత్సరమున పోరు దినములు రెండో మూడో. తక్కిన దినములన్నియు వానికి వేటనిషేధమే; అయినను సాధన వెచ్చము ఆగదు. ఒప్పందమున సాధారణముగ రెండు పద్దులుండును: బరిలోనికి వచ్చినందుకు ఇంత, గెలిచినచో మఱియింత. ఓడినవానికి రెండవ పద్దు లేదు. తూకము తప్పినవాడు మొదటి పద్దులో కొంత ప్రతిపక్షికి విడువవలయును. సాధనలో మోకాలు బెణికి పోరు రద్దయినచో ఆ మాసముల శ్రమకు తగిన కూలి లేదు.

పెద్ద సంస్థలలో సైతము మల్లులు ఉద్యోగులు గారు, ఒప్పందదారులు. ప్రావిడెంటు ఫండు, పింఛను వారికి లేవు. అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ తన ప్రాబల్యముచేత తమ ప్రతిఫలమును అణచినదని కొందఱు మల్లులు అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2010 డిసెంబరు మొదలు 2017 జూను వఱకు పోరినవారికై 37.5 కోట్ల డాలర్ల రాజీ కుదిరెను; 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానము దాని నామోదించెను. పేరుప్రతిష్ఠలు, రాబడి ఒక్కటి గావని ఈ వ్యాజ్యము తెలుపుచున్నది.

దేహము చెల్లించు వెల అంతకంటె పెద్దది. విఱిగిన ఎముక అతుకును. మెదడు అట్లు కాదు. తలకు పలుమారులు దెబ్బలు తిన్న బాక్సర్లకు తడబడు నడకయు, మందబుద్ధియు గలుగుటను 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వర్ణించెను. మూర్ఛపోయినంతటి పెద్ద దెబ్బలు మాత్రమే కాదు, సాధనలో దినదినము తగులు చిన్న దెబ్బలును కూడి హాని చేయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అందుకే నియంత్రణ గల చోట్ల మూర్ఛిల్లిన మల్లునికి నిర్ణీత కాలము పోరు నిషేధింతురు. మంచి గురువు సాధనలో తలదెబ్బలను తగ్గించును. శిష్యుని ధైర్యము పరీక్షించు మిషతో ప్రతిదినము తలపై కొట్టించువాడు గురువు కాడు.

ఈ సందర్భమున మన కోడి రామమూర్తినాయుడు తలపునకు వచ్చును. ఆయన 1882లో వీరఘట్టమున జన్మించెను. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగ పనిచేసెను. పిదప సొంత సర్కసు నెలకొల్పెను. ఛాతీపై ఏనుగును నిలుపుట, ఇనుపగొలుసులను త్రెంచుట, మోటారుకారును కదలనీయక ఆపుట ఆయన విద్యలు. కలియుగ భీముడనియు, ఇండియన్ హెర్క్యులిస్ అనియు కీర్తి పొందెను. అంతటి బలశాలి కాలికి వ్యాధి సోకగా, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఆయన మరణించెను. బలమే పెట్టుబడి యైన వృత్తి ఒక్క పుండుతో ముగియగలదని ఆ జీవితము చెప్పుచున్నది.

నేటి భారతీయుల సంగతి యేమి? 2012లో ముంబాయిలో సూపర్ ఫైట్ లీగ్ ఆరంభమయ్యెను. 2017లో భరత్ ఖండారే మన దేశము నుండి తొలిసారిగ అమెరికా సంస్థ గోదాలో దిగెను, ఓడెను. వుషు విద్యలో పెరిగిన ఉత్తరప్రదేశ్ వనిత పూజా తోమర్ 2024 జూనులో లూయివిల్ నగరమున అదే సంస్థలో గెలిచి, భారత మహిళలలో ప్రథమురాలయ్యెను. పంజాబీ సంతతికి చెందిన కెనడా మల్లుడు అర్జన్ భుల్లర్ 2012 ఒలింపిక్ కుస్తీలలో పాల్గొని, పిదప 2021లో వన్ ఛాంపియన్‌షిప్ హెవీవెయిట్ పట్టము గెలిచెను. వీరందఱును ఏదో యొక విద్యలో గట్టి పునాది వేసికొనిన పిమ్మటనే వచ్చిరి.

దీని ప్రక్కన మన నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ మార్గమును పోల్చి చూడుడు. ఆమె బాక్సింగులో 2022, 2023 సంవత్సరములందు ప్రపంచ విజేత. 2024లో తెలంగాణ పోలీసుశాఖలో డి.ఎస్.పి. పదవి పొందెను. దేశము పక్షమున ఆడు క్రీడలలో రాణించినవారికి ఇట్టి ఉద్యోగమార్గము తెఱచియుండును. వృత్తి మల్లునికి ఆ ద్వారము మిక్కిలి యిఱుకు. కనుక కుస్తీ, బాక్సింగులలో పతకములు సాధించుచు చదువు కొనసాగించుట బాలునికి రెండు విధముల మేలు: ఉద్యోగమునకు అర్హత కలుగును, తరువాత వృత్తిలో దిగదలచినచో పునాదియు సిద్ధమై యుండును.

కుమారుడో, కుమార్తెయో ఈ కోరికతో వచ్చినచో వలదని గద్దించుటవలన ఫలము లేదు. చాటుగ నేర్చుట మఱింత ప్రమాదము. గురువు వద్దకు పోయి కొన్ని ప్రశ్న లడుగుడు. సాధనలో తలదెబ్బలెన్ని? పోరుచోట వైద్యుడుండునా? బరువు దించుట యెట్లు? ఒప్పందపత్రము చదివి వివరించువారెవరు? ముప్పదియైదవ యేట ఈ బిడ్డ యేమి చేయును? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము చెప్పగల గురువుకడ బిడ్డను విడువవచ్చును. వేటకు పోవునపుడు మన పట్టపువారు తిరిగివచ్చు దారిని ముందే గుర్తుపెట్టుకొని మఱీ పడవ దింపుదురు. గోదాలో దిగువానికిని వెలికివచ్చు దారి అట్లే ముందుగ తెలిసియుండవలయును.