నల్లబారిన చక్రం

ఖరగ్‌పూర్ రైలుపట్టాల చుట్టూ పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పని వెదుక్కుంటూ తరలిపోయిన తెలుగు కుటుంబాల సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఆ పట్టణపు ఝపటాపూర్ పేటలో కారు కడిగేవారికి, ఎంత తోమినా వదలని చక్రాలమీది నల్లమరక ఎక్కడిదో విడమరచి చెప్పగలిగినవారు రైల్వే పనివారే. రైలు ఆగేటప్పుడు బ్రేకు దిమ్మ చక్రాన్ని ఒరుసుకుంటుంది. ఆ ఒరపిడికి లోహం పొడిగా రాలుతుంది. మిశ్రమ పదార్థాల దిమ్మలు రాకముందు, వాటిని చాలాకాలం పోత ఇనుముతోనే చేసేవారు.

కారులో జరిగేదీ ఇంచుమించు ఇదే. బ్రేకు ప్యాడ్ పోత ఇనుప డిస్కును నొక్కినప్పుడు రెండూ అరుగుతాయి. ఎర్రగా కాలిన ఇనుప రేణువు చక్రపు పైపూతలో గుచ్చుకుంటుంది. దానికి తేమ తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బుతుంది, పూతను పెకలిస్తుంది. బ్రేకుల భారంలో అధికభాగం ముందు చక్రాలదే గనుక మరకా అక్కడే ఎక్కువ. వర్షాలు ఎడతెగని బెంగాలులో ఈ పొర గట్టిపడటానికి ఎన్నో వారాలు అక్కరలేదు.

గుచ్చుకున్న ఇనుమును ఇనుప పీచుతో తోమడం కంటే తెలివితక్కువ పని లేదు. మరక పోదు సరికదా, పూత గీతలు పడి, తరువాతి ధూళికి కొత్త గుంటలు ఏర్పడతాయి. స్నానాలగది కడిగే యాసిడ్ మరీ ప్రమాదం. అది అల్యూమినియం చక్రాన్నే తినివేస్తుంది.

బలం కంటే రసాయనం ఇక్కడ మేలు. చక్రం పూర్తిగా చల్లారిన తరువాత, నీడపట్టున, ముందు నీటితో తడిపి, మెత్తని సబ్బునీటితో పైమట్టి కడగాలి. పిమ్మట థయోగ్లైకోలేట్ కలిసిన, ఇనుమును కరిగించే ద్రావణాన్ని చల్లాలి. అది ఇనుమును పట్టుకోగానే ఊదారంగు ధారలుగా కారుతుంది. వాసన మాత్రం భరించరానిది. జుట్టును ఉంగరాలు తిప్పే మందులో ఉండేదీ ఈ జాతి రసాయనమే! అది ఆరిపోకముందే మెత్తని బ్రష్షుతో రుద్ది, ధారాళంగా నీరు పోయాలి. మొండి మచ్చ మిగిలితే మరొకసారి చల్లాలేగాని, గోకరాదు. చివరగా మైనం పూస్తే, మళ్లీ పడే ధూళి అంత గట్టిగా అంటుకోదు.

చేతులకు తొడుగులు తప్పనిసరి. ఎండిన పొడిని గాలిపంపుతో ఊదడం అనేకచోట్ల అలవాటు, అది మానవలసినదే. ఒకప్పటి బ్రేకు లైనింగులలో ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చే ఆస్బెస్టాస్ ఉండేది. పాత బండ్లలో అది ఇంకా ఉండవచ్చు. అది లేని నేటి ప్యాడ్ల పొడి కూడా ఊపిరితోపాటు లోనికి వెళ్లేంత సన్ననిదే. తడిపి కడిగితే గాలిలోకి లేవదు.

ఇంతకాలం ప్రభుత్వాల చూపు పొగగొట్టంపైనే నిలిచింది. యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు మొట్టమొదటిసారి బ్రేకు ధూళికీ హద్దు గీశాయి: పెట్రోలు, డీజిలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. విద్యుత్ కార్లకు 3 మాత్రమే. వేగం తగ్గించే పనిలో కొంత వాటి మోటారే చేస్తుంది గనుక ప్యాడ్లు అంతగా అరగవు.